రాజుగారి తలపాగా

కత్తులు పక్కనపెట్టి అందరూ తుపాకులు పట్టిన కాలంలో, ఒక కొండకోటని జగ్గభూపతి అనే రాజు ఏలేవాడు. తన ఠీవి చూస్తే చాలు, శత్రువు పారిపోతాడని ఆయన నమ్మకం.

శత్రువు పారిపోలేదు. ఎదురుకొండ మీద రాళ్ల చాటున గురిగాళ్లని కూర్చోబెట్టాడు. వాళ్లకి పెద్ద యుద్ధంతో పనిలేదు. పొద్దస్తమానం కదలకుండా కాచుకుని, జరీ మెరిసినచోట ఒక్క గుండు దింపుతారు. సేనని నడిపే దళవాయి అలాగే పోయాడు. జరీ అంచు జెండా పట్టుకున్న గవరయ్యా అలాగే పోయాడు. చీకటి పడేదాకా అతని శవాన్ని బురుజు మీంచి కిందికి దించనివ్వలేదు ఆ గురిగాళ్లు.

గవరయ్య తల్లి నరసాయమ్మ. కొలువులో కథలు చెప్పి రాజుని నవ్వించడం ఆవిడ పని. మైల తీరగానే మళ్లీ రమ్మన్నారు. వెళ్లింది.

ఆ పూట రాజు మహా హుషారుగా ఉన్నాడు. తన తలపాగా, తురాయి ఇంకొకరికి పెట్టి బురుజు మీద నిలబెడతాడట. రాజుకి భయం లేదని లోకమంతా చూస్తుందట. తాను మాత్రం నేలమాళిగలో ఉంటాడట. పాగా ఎవరికి సరిపోతుందో కూడా చూసేశారు. ఆవిడ రెండో కొడుకు సింహాద్రికి.

నరసాయమ్మకి రాజు సంగతి తెలుసు. ఏడిస్తే వినే మనిషి కాడు. నవ్వొస్తేనే వింటాడు.

"మా అదృష్టం ప్రభూ," అంది. "ఒక్కటే మనవి. చిన్నదొరవారి పట్టాభిషేకానికి కథ నన్నే చెప్పనివ్వండి."

"మా తమ్ముడికి పట్టాభిషేకం ఏమిటే?"

"రాజుగారి పాగా యుద్ధంలో నేలపడితే నగారా ఆపేసి, పొద్దుగూకేలోగా తమ్ముణ్ణి గద్దెనెక్కించడం మీ తాతలనాటి ఆచారం కదండీ. మావాడు పడితే పాగా పడదా?"

"నేను బతికే ఉన్నానని చెబుతాను."

"చెప్పండి బాబూ. మరి ఇంతసేపూ ఎక్కడున్నారని అడుగుతారు. అదీ చెప్పండి."

రాజు మొహం కందగడ్డయింది. ఆ తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూ పాగాని పెట్టెలో పెట్టించాడు. సింహాద్రిని ఇంటికి పొమ్మన్నాడు. చేతి కడియం తీసి ఆవిడ ఒళ్లో వేసి, ఇంకేం కావాలో అడగమన్నాడు.

నరసాయమ్మ కడియం వైపు చూడలేదు.

"ఇది కథ కాదు ప్రభూ. కోట కాసే మిగిలిన పిల్లల బట్టలకి కూడా ఆ జరీ విప్పించండి."

రాజు దానికి ఇంకా ఎక్కువసేపు నవ్వాడు.