కొండ దిగిన నీళ్ళు

లాలెప్పకు చేసేందుకు పని లేకుండా పోయింది.

కొండ మీద రెండు బండల నడుమ ఒక దొన ఉంది. వాన నీరు అందులో ఎండాకాలం చివరిదాకా నిలుస్తుంది. దొన చుట్టూ నడుమెత్తు రాతి అంచు. ఆ అంచు దాటి అవతలి వైపు మెట్లు దిగితే, మందలు నడిచే దారి పక్కన ఒక రాతి తొట్టి. దొనలో బిందె ముంచి, భుజాన పెట్టుకుని, మెట్లు దిగి ఆ తొట్టి నింపడం లాలెప్ప పని. ఏళ్ళ తరబడి అదే చేశాడు.

ఆ పని ఇచ్చింది మదార్ షా. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు ఆయన్ని పీరుసామి అంటారు. కొండ మీద చిన్న రాతిగదిలో ఉంటాడు.

లాలెప్ప కింద పల్లెల్లో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఒకే వానాకాలంలో వాంతిభేది తగిలి భార్యా కూతురూ పోయారు. దూదేకే విల్లును ఎవరికో ఇచ్చేసి కొండెక్కాడు.

"ఏదైనా పని చెప్పు సామీ. ఊరికే మాత్రం కూర్చోబెట్టొద్దు" అన్నాడు.

పీరుసామి అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. మూలనున్న బిందె తీసి చేతికిచ్చాడు.

తెల్లవారుతూనే, మందలు రాకముందే, లాలెప్ప తొట్టి నింపి పైకి వచ్చేసేవాడు. మళ్ళీ అవి వెళ్ళిపోయాక దిగేవాడు. దారిలో ఎవరైనా కనిపిస్తే బండ చాటున నిలబడేవాడు. మనిషి ఎదురైతే పలకరిస్తాడు. పలకరిస్తే ఇల్లూ వాకిలీ అడుగుతాడు. అందుకే బిందె కుమ్మరించడం, వెనక్కి తిరగడం. తొట్టిలో నీళ్ళు ఎవరు తాగుతున్నారో అతను ఒక్కనాడూ చూడలేదు.

ఆ ఎండాకాలం మెట్ల మీద కాలు జారింది. మోకాలు వాచి లేవలేకపోయాడు. పీరుసామి ముసలివాడు, నిండు బిందె ఎత్తలేడు. తొట్టి ఎండిపోయింది. నీళ్ళ కోసం వచ్చిన ఒక చూడి గొర్రె తొట్టి దగ్గరే పడి చచ్చిందని, తాయెత్తు చీటీ కట్టించుకోవడానికి పైకి వచ్చిన వాళ్ళెవరో చెప్పారు.

మరునాడు పీరుసామి కర్ర పట్టుకుని రోడ్డు దాకా నడిచి వెళ్ళాడు. సాయంత్రం ఆయన వెనక లారీ డ్రైవరు గిడ్డయ్య వచ్చాడు. భుజాన నల్ల పైపు చుట్ట.

లాలెప్ప బండకు ఆనుకుని కాలు చాపుకుని చూస్తున్నాడు. ఇద్దరూ కలిసి పైపు మొత్తాన్ని దొనలో ముంచారు. బుడగలు వచ్చాయి, వచ్చి వచ్చి ఆగిపోయాయి. అప్పుడు ఒక కొసకు రాయి కట్టి నీళ్ళ అడుగున వదిలారు. రెండో కొసకు గిడ్డయ్య నీళ్ళలోనే కర్ర బిరడా బిగించి, దాన్ని లాక్కుంటూ అంచు దాటి మెట్లు దిగాడు.

"అంచు ఎక్కాల కదా సామీ" అన్నాడు లాలెప్ప. "నీళ్ళు పైకి ఎట్ల ఎక్కుతాయి?"

"చూద్దాం" అన్నాడు పీరుసామి.

కాసేపటికి కింద రాతి మీద నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. ఆగలేదు.

గిడ్డయ్య చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చాడు. "లారీలో డీజిలు తీసేది ఇట్లే అన్నా. లోపల గాలి ఉండగూడదు. ఆ కొస ఈ నీళ్ళకన్నా కిందుండాల. ఒక్కసారి దారి పట్టిందంటే దానంతట అదే పోతాది. కావాల్సినోళ్ళు బిరడా తీసుకుంటారు, తొట్టి నిండితే పెట్టేస్తారు. ఇంక నువ్వు మోసే పనే లేదు."

మంచి మాటే చెప్పాననుకున్నాడు గిడ్డయ్య. లాలెప్ప తల ఊపాడు.

మోకాలు మెల్లగా నయమైంది. బిందె గది గోడకు బోర్లించి ఉంది. తెల్లవారుతూనే లాలెప్పకు మెలకువ వచ్చేది. నమాజు చేసేవాడు. తర్వాత ఏం చేయాలో తెలిసేది కాదు. గది ఊడ్చేవాడు. ఊడ్చిన గదే మళ్ళీ ఊడ్చేవాడు. కింద గొర్రెల అరుపులు, బిరడా తీయగానే నీళ్ళ చప్పుడు. ఎవరిదో గొంతు మందను అదిలిస్తుంది. తర్వాత అంతా సద్దుమణుగుతుంది. ఆ నిశ్శబ్దంలో ఇన్నేళ్ళూ మెట్ల మీద వెనక వదిలేసి వచ్చిందంతా వచ్చి పక్కన కూర్చునేది.

ఒక తెల్లవారుజామున దొన దగ్గరికి వెళ్ళి, రాయి కట్టిన కొసను నీళ్ళలోంచి పైకి లాగి బండ మీద పెట్టాడు. బిందె ముంచి భుజానికెత్తుకున్నాడు. నాలుగు మెట్లు దిగేసరికి మోకాలు కలుక్కుమంది. బిందె దొర్లిపోయింది. అక్కడే కూలబడ్డాడు.

కింద మంద వచ్చింది. ఎవరో బిరడా తీశారు. పైపులో ఉన్న కాసిన్ని నీళ్ళు పడి ఆగిపోయాయి. గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి. చాలాసేపటికి ఆ అరుపులు దూరమయ్యాయి.

లాలెప్ప కుంటుకుంటూ పైకి వచ్చేసరికి పీరుసామి దొనలోకి దిగి ఉన్నాడు. పైపును కొంచెం కొంచెంగా లాగి నీళ్ళలో ముంచుతున్నాడు. తల ఎత్తలేదు.

"నేనే తీసినా సామీ."

"తెలుసు. ఆ కొస పట్టుకో."

లాలెప్ప పట్టుకున్నాడు. బుడగలు ఆగేదాకా ఇద్దరూ పైపును ముంచారు.

"ఆ బిందె తప్ప నాకు ఎవరూ లేరు సామీ" అన్నాడు చివరికి. "అది కూడా తీసేస్తిరి."

పీరుసామి బిరడా బిగించి, ఆ కొస అతని చేతికే ఇచ్చి, భుజం మీద చేయి వేసి ముందుకు నడిపించాడు. ముసలివాడూ కుంటివాడూ ఒకరినొకరు పట్టుకుని మెట్లు దిగారు. తొట్టి దగ్గర లాలెప్ప బిరడా తీశాడు. నీళ్ళు వచ్చాయి. తొట్టి నిండాక బిరడా పెట్టి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాడు.

"కూర్చో" అన్నాడు పీరుసామి.

తుమ్మచెట్టు కింద కూర్చున్నారు. పొద్దు నడినెత్తికి వచ్చి వాలింది. పొద్దున్న ఎండు తొట్టి చూసి వెళ్ళిన మంద తిరిగి వచ్చింది. వెనక నడివయసు ఆడమనిషి, తల మీద కంబళి, చేతిలో కర్ర. పేరు ఓబుళమ్మ. గొర్రెలు తొట్టి మీద పడ్డాయి. ఆమె పీరుసామికి దండం పెట్టి, కొంచెం ఎడంగా కూర్చుంది.

"పొద్దున నీళ్ళు రాలేదు సామీ."

"ఊఁ."

"ముందర బిందెతో పోసే మనిషి ఒకాయన ఉండె కదా. ఏమైనాడు? పోయినాడా?"

పీరుసామి తస్బీహు పూసలు తిప్పుతున్నాడు. లాలెప్ప నేల చూస్తున్నాడు.

"నేనెప్పుడూ ఆయన్ని చూడలేదు" అంది ఓబుళమ్మ. "పైపు బాగుంది, కాదనను. కానీ ముందర నేనొచ్చేసరికి మెట్ల మీద నీళ్ళు తొణికిన తడి ఉంటాండె. ఇప్పుడే పోయినాడు అనుకుంటాంటి. పొద్దు పొడిచింది మొదలు గొర్రెలతోనే కదా నా మాటలు. ఆ తడి చూస్తే, ఎవరో ఒకరు ఉన్నార్లే అనిపిస్తాండె." కర్ర పక్కన పెట్టింది. "నా చూడి గొర్రె చచ్చిన దినం, దానికన్నా ముందు ఆ మనిషికి ఏమైందో అనుకున్నా. పైకి వచ్చి చూద్దామంటే మందను విడిచి వచ్చే వీలు ల్యాకపాయ."

లాలెప్ప తల ఎత్తాడు.

"నేనేనమ్మా ఆ మనిషిని."

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. పొద్దున మళ్ళీ వాచిన మోకాలు చూసింది.

"పొద్దున నీళ్ళు ఆపింది కూడా నేనే" అన్నాడు.

"ఎందుకన్నా?"

లాలెప్ప మోకాలు నిమురుకున్నాడు. ఓబుళమ్మ మళ్ళీ అడగలేదు. మూట విప్పి సంగటి ముద్దను రెండు చేసి, ఒక సగం, పైన చెనిక్కాయల ఊరుబిండి పచ్చడితో, అతని ముందు పెట్టింది.

"ఎవరూ ల్యారా నీకు?"

"ఉండిరి" అన్నాడు లాలెప్ప.

సంగటి కొంచెం తిన్నాడు. తర్వాత చెప్పాడు, కూతురి పేరు బీబమ్మ అని. తను దూది ఏకుతుంటే ఆ పిల్ల వచ్చి కుప్పలో దొర్లేదని. తల నిండా దూది అంటించుకుని, నడుము వంచి, చేతిలో పుల్ల పట్టుకుని అవ్వ మాదిరి దగ్గుతూ ఇల్లంతా తిరిగేదని. వాళ్ళమ్మ కొట్టబోయి నవ్వేసేదని.

ఓబుళమ్మ నవ్వింది. నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మా పెద్దోడు కూడా అంతే" అని మొదలుపెట్టింది. ఆ పెద్దోడు ఇప్పుడు లేడని లాలెప్పకు మాటల మధ్యలో తెలిసింది.

గొర్రెలు తాగి, నీడలో పడుకుని, లేచాయి. లాలెప్ప పక్కకు చూస్తే పీరుసామి లేడు. ఎప్పుడు వెళ్ళాడో తెలియదు.

ఓబుళమ్మ మందను తోలుకుని వెళ్ళిపోయింది. కంబళి కనిపించినంత మేర లాలెప్ప చూశాడు. దారి మళ్ళీ ఎవరూ లేనిదైంది. కాసేపు అక్కడే ఒక్కడూ కూర్చుని, మెల్లగా మెట్లెక్కాడు.

పీరుసామి గది ముందు చాప పరుచుకుంటున్నాడు.

"రేపు కూడా దిగాల్నా సామీ?" అన్నాడు లాలెప్ప. "నీళ్ళు వాటంతటవే పోతాండాయి కదా."

"పోతాండాయి" అన్నాడు పీరుసామి. "అందుకే నువ్వు దిగాల."