రెండు ముద్రల పట్టా

సింహాద్రి మాస్టారిని ఏది అడిగినా జవాబు సముద్రం మీదుగా తిరిగొస్తుందని బిజినెస్ స్కూల్లో అందరికీ తెలుసు. పాఠాలు చెప్పకముందు ఆయన ఓడల్లో చుక్కాని పట్టిన మనిషి. ఇవాళ ఏ రేవులో దింపుతారోనని వెనక బెంచీలవాళ్లు నవ్వుకునేవారు.

ఆ సాయంత్రం హైమవతికి నవ్వు రాలేదు. వారమంతా రొయ్యల ఎగుమతి కంపెనీలో ఉద్యోగం, శని ఆదివారాలు చదువు. విశాఖలోని ఈ స్కూలూ, బెల్జియంలో ఓ రేవుపట్నంలోని స్కూలూ కలిసి ఇచ్చే డిగ్రీ అది. పట్టా ఒకటే, ముద్రలు రెండు. ఇక్కడ మాస్టారు, అక్కడ మార్లీన్ మేడమ్, ఇద్దరూ సరేనంటేనే పట్టా. పట్టా వస్తేనే కంపెనీలో ఎగుమతులన్నీ ఆమె చేతికొస్తాయి. మేడమేమో చిన్న చెరువులవాళ్లని వదిలేసి నాలుగు పెద్ద చెరువుల దగ్గరే కొనమన్నారు, ప్రతి రొయ్యా ఎక్కడిదో తెలియాలని. మాస్టారేమో చిన్నవాళ్లని వదలొద్దన్నారు. ఎవరినీ నొప్పించలేక హైమవతి రెండు ప్రాజెక్టులు రాసేసింది, ఒక్కొక్కరికి ఒక్కోటి నచ్చేలా. తీరా చూస్తే ఇవ్వాల్సింది ఒక్కటే.

“మాస్టారూ, ఇద్దరు గురువులు చెరో దారి చూపిస్తే శిష్యురాలు ఎవరి మాట వినాలండీ?”

ఆ ఇద్దరిలో తానూ ఒకరైనా ఆయనేం నొచ్చుకోలేదు. కిటికీ తెరిచి, తన పాతికేళ్లప్పటి సంగతి ఎత్తుకున్నారు. గ్రీకు ఓడ ఒకటి విశాఖ రేవులోకి వస్తోంది. బయటి ఓడ ఏదొచ్చినా ఇక్కడి పైలట్ తాడు నిచ్చెన ఎక్కి వచ్చి దారి చెప్పాల్సిందే. ఓడ సంగతి కెప్టెన్‌కి తెలుసు, రేవు కాలువ సంగతి పైలట్‌కి తెలుసు. కొండ మలుపులో ఈదురుగాలి లేచింది. కెప్టెన్ ఎడమకి తిప్పమన్నాడు, పైలట్ కుడికి తిప్పమన్నాడు. రాళ్లు దగ్గరపడుతున్నాయి. చక్రం సింహాద్రి చేతుల్లో ఉంది.

“చక్రం ఉత్తినే తిరుగుతోంది సార్, ఓడ మాట వినడం లేదు,” అన్నాడట, ఇద్దరికీ వినబడేలా.

ఓడ నెమ్మదిస్తే చుక్కానికి నీటి మీద పట్టు దొరకదు; అది చక్రం పట్టిన చేతులకి తప్ప తెలిసేది కాదు. తెలిసిన మరుక్షణం ఇద్దరూ ఒక్క గొంతుతో ఇంజన్ వేగం పెంచమన్నారు. నీళ్లు చుక్కానిని ఒరుసుకుని పరుగెత్తాయి. అంత పెద్ద ఓడా పెళ్లికూతురిలా తల తిప్పి రేవులోకి నడిచింది.

అంతే. మాస్టారు కిటికీ మూసేశారు.

హైమవతి రెండు ప్రాజెక్టులూ పక్కన పడేసి మూడోది రాసింది. పరీక్ష రోజున హాల్లో మాస్టారు, తెర మీద మేడమ్. నాలుగు చెరువులకీ ఒకేసారి తెగులొస్తే తన దగ్గర సరుకే ఉండదని మేడమ్‌కి చెప్పింది. రొయ్య ఎక్కడిదో చెప్పలేకపోతే కొనే దేశాలవాళ్లు పెట్టెలు తిప్పిపంపేస్తారని మాస్టారికి చెప్పింది. చెరువు గట్టు మీద నిలబడితే తనకి ఇదే కనబడుతోందంది. చిన్నవాళ్లని ఊరికో జట్టుగా కట్టి, జట్టుకో గుర్తుతో పెట్టెలు పంపుతానంది.

గురువులిద్దరూ పోటీపడి ఆ జట్ల గురించే అడగసాగారు, తాము చూపించిన దారులేవో తామే మరిచిపోయినట్టు.

పట్టాల పండగ నాడు హైమవతి పేరు పిలిచారు. వెనక బెంచీలు ఈలలతో దద్దరిల్లాయి. రెండు ముద్రలూ మెరిసే పట్టా గుండెకి హత్తుకుని, ఆమె నేరుగా మాస్టారి దగ్గరికొచ్చింది.

“ఇంతకీ ఆ రోజు ఓడని రేవు చేర్చిందెవరు మాస్టారూ?”

“కెప్టెన్‌కి దండ వేశారు, పైలట్‌ని మెచ్చుకున్నారు,” అన్నారాయన. “నేను నా అరచేతులు చూసుకున్నానమ్మా.”