మంత్రిగారి నోట పోలమ్మ మనవి

పూర్వం ఒక రాజ్యంలో ఒక కట్టడి ఉండేది. ఆడది సభలో నోరు విప్పకూడదు. ఆమె మాటను ఎవరైనా మగవాడు, ఒక్క ముక్క మార్చకుండా, ఆమె అన్నట్టే పలకాలి. బుట్టలల్లే పోలమ్మ ఆ కట్టడి ఎత్తేయమని మనవి చేసుకోవడానికి మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చింది.

“ఇలాంటివి కోరే ఆడవాళ్లు ఎలా ఉంటారయ్యా?” అని రాజు ఆత్రంగా అడిగాడు.

“మగవాళ్లంటే మండిపడతారు ప్రభూ! నవ్వరు, పొయ్యి ముట్టించరు,” అన్నాడు మంత్రి కొమ్మన.

పోలమ్మ నవ్వింది. మొగుడేమో గొంతు పట్టుకుని, మాట పెగలడం లేదని సైగ చేశాడు.

“ఎవరో ఒక మగవాడు చెబితే సరి,” అని మంత్రి విసుక్కున్నాడు.

“అయితే నువ్వే చెప్పు,” అన్నాడు రాజు.

పోలమ్మ మంత్రి చెవిలో చెప్పింది. ఆయన గొంతు సవరించుకుని పలికాడు.

“నా మొగుడంటే నాకు ప్రాణం.”

సభ గొల్లుమంది. రాజు ముందుకు వంగాడు. “ఊఁ, ఇంకా?”

“పొద్దున ఆయన చేపలు తోమాడు, నేను పులుసు పెట్టాను. మాకు మగవాళ్లంటే మంటని చెప్పినవాడికి... మా సంగతి... బొత్తిగా తెలియదు.”

మంత్రి ముఖం కందగడ్డయింది. “ప్రభూ, నావల్ల కాదు! ఆమె మాట ఆమెనే చెప్పుకోనివ్వండి!”

అంతవరకూ గొంతు పెగలని మొగుడు పకపకా నవ్వాడు. రాజు చెప్పమన్నట్టు తల ఊపగానే పోలమ్మ దణ్ణం పెట్టింది.

“నా మనవి అదే మహాప్రభూ. మంత్రిగారు ఒక్క ముక్క కూడా మార్చలేదు.”