తొట్టి దగ్గరి దుప్పులు

కొండమీది ఆశ్రమంలో ఇంకో దుప్పి చచ్చింది. శిష్యుడు వాగీశానందకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పశువైద్యురాలు నస్రీన్ కత్తి పట్టుకుని వస్తే, కళేబరానికి అడ్డంగా కూర్చున్నాడు.

"మా తొట్టిలో తిని పెరిగిన ప్రాణి. కోయనివ్వను. ముందువాటిలాగే పసుపూ కుంకుమా చల్లి పూడుస్తాను."

"అలా పూడ్చబట్టే కదండీ ఏ రోగమో తెలియకుండా పోయింది!" నస్రీన్ అరిచింది. "అన్నీ దగ్గి, చిక్కి చచ్చాయి. ఊపిరితిత్తులు చూడకుండా నేనేం చెప్పను?"

పుణ్యం నెత్తికెక్కితే మనిషికి చెవులు పనిచేయవు. వాగీశానంద కదల్లేదు.

గురువు అచ్యుతస్వామి బయటికొచ్చాడు. శిష్యుణ్ణి రెక్క పట్టుకుని పక్కకి లాగాడు. డాక్టరమ్మ ఇచ్చిన గ్లవుజులూ మాస్కూ తొడుక్కుని, దుప్పి కాళ్లు తనే పట్టుకున్నాడు.

"కానివ్వమ్మా."

ఊపిరితిత్తుల నిండా గడ్డలు. కోస్తే గట్టి పెరుగులాంటి చీము.

"క్షయలా ఉంది. ల్యాబులో తేలాలి," అంది నస్రీన్. "అడవిలో విడివిడిగా మేసేవాటిని రోజూ ఒకే తొట్టి దగ్గరికి పిలిచారు. ఒకదాని చొంగ ఇంకోటి నాకింది. ముందు ఆ తొట్టి తీసేయండి. దగ్గేదాన్నీ చిక్కేదాన్నీ కనిపెట్టి నాకు చెప్పండి. చచ్చినదాన్ని ముట్టుకోకుండా కబురు పెట్టండి."

"ప్రేమతో పెట్టాను స్వామీ," అన్నాడు శిష్యుడు.

గురువు గునపం తెచ్చి రాతితొట్టిని పగలగొట్టాడు. భక్తులు ఫొటోలు దిగే తొట్టి అది. ఎవరో "అపచారం" అని గొణిగితే, వాళ్లమీదికీ గునపం ఎత్తినంత పని చేశాడు.

సాయంత్రం అలవాటుకొద్దీ దుప్పులు వచ్చాయి. పగిలిన రాళ్లు వాసన చూసి నిలబడ్డాయి. ఒక ఆడదుప్పి పిల్లను వెంటబెట్టుకుని నేరుగా వాగీశానంద దగ్గరికే వచ్చి మూతి చాచింది.

"తరుము," అన్నాడు గురువు.

"ఆకలితో ఉంది స్వామీ!"

"అడవినిండా మేతే. తరమరా!"

శిష్యుడు గొంతు చించుకుని అరిచాడు. దుప్పి బెదరలేదు. అతన్ని అంతగా నమ్మింది. మట్టిగడ్డ తీసి విసిరాడు. డొక్కలో తగిలి అది ఎగిరిపడి, పిల్లతో సహా పొదల్లోకి దూకింది. తక్కినవి చెదిరిపోయాయి.

వాగీశానంద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

గురువు కోపం చల్లారలేదు.

"రేపు మళ్లీ వస్తుంది. రేపూ కొట్టు. నిన్ను చూడగానే అది పారిపోయిన రోజున నా దగ్గరికి రా. ప్రేమ గురించి అప్పుడు మాట్లాడదాం."