పైడిరాజు విమానమెక్కి పెళ్ళికి బయలుదేరిన వైనం

దొండవాకలో తెలివంతా బొబ్బరోళ్ళ ఇంట్లోనే ఉంటుందని ఆ ఇంటివాళ్ళే చెబుతారు. ఊళ్ళో మిగతావాళ్ళకి అందింది వాళ్ళు వాడి అవతల పారేసిన తెలివేనట. నిజమే కాబోలు. ఆ అన్నదమ్ములు ముగ్గురూ కూర్చుని ఆలోచించడం మొదలుపెడితే వీధి వీధంతా వేడెక్కి, ఆరేసిన వడియాలు ఒక్క పూటలో ఎండిపోయేవి. పెద్దవాడు పోలినాయుడు, రెండోవాడు సన్యాసినాయుడు, చిన్నవాడు పైడిరాజు. ముగ్గురికీ తెలివి తల్లి నూకాలమ్మ నుంచే వచ్చింది. అంత పంచినా ఆవిడకి ఇంకా మిగిలే ఉంది.

పైడిరాజు గూడ్సాటో నడుపుతాడు. వాడికి విశాఖపట్నంలో సంబంధం కుదిరింది. పిల్ల పేరు హైమ, విమానాశ్రయంలో టికెట్లు చూసే ఉద్యోగం. పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రి గంగునాయుడు కాఫీ తాగుతూ సరదాకి అన్నాడు.

"మా అమ్మి పొద్దస్తమానం విమానాల మధ్యే తిరుగుతాది. పెళ్ళికి గూడ్సాటోలో వస్తావేటి అల్లుడూ? విమానంలో రా, పిల్లనిస్తాను!"

అందరూ నవ్వారు. బొబ్బరోళ్ళు నవ్వలేదు. పిల్లనిచ్చేవాడి మాటంటే నవ్వులాటా మరి? అంతే, ఇంటికొచ్చి తలుపులేసుకుని ఆలోచించారు. విమానంలో వెళ్ళకపోతే పిల్ల దక్కదు.

"టికెట్టు తీసుకుని ఎక్కితే సరిపోదేట్రా?" అంది నూకాలమ్మ.

"పదిమందితో కలిసి వస్తాడేటమ్మా పెళ్ళికొడుకు? సొంత బండుండాల," అన్నాడు పోలినాయుడు.

సన్యాసినాయుడు నాలుగూళ్ళు తిరిగి వాకబు చేసుకొచ్చాడు. ఇంట్లో కూర్చుని విమానం నడిపే కంప్యూటరు ఒకటుందట, ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారట, అసలు పైలెట్లు కూడా దాని మీదే చెయ్యి తిప్పుకుంటారట. ఇంకేముంది, మర్నాడు ముగ్గురూ తునిలో కంప్యూటర్ల కొట్టులో తేలారు. కొట్టు నడిపే కామేశ్వరి పాపం మంచి మనిషి. ఆ రోజు ఎవరి ముఖం చూసి లేచిందో!

ముందు పోలినాయుడు కొట్లో ఉన్న డబ్బాలన్నీ ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. ఒకటి బెండుముక్కలా తేలిగ్గా లేచింది.

"ఇదియ్యమ్మా. బరువు తక్కువైతేనే కదా ఎగిరేది."

"అది ఖాళీ డబ్బా అండీ. లోపల ఏమీ లేదు."

"లోపల ఖాళీ లేకపోతే మావోడు ఎక్కడ కూకుంటాడు?"

కామేశ్వరి మంచినీళ్ళు తాగి, మొదటినుంచీ చెప్పుకొచ్చింది. "అన్నిటికన్నా ముఖ్యం గ్రాఫిక్స్ కార్డు. కొండలూ మబ్బులూ తెర మీదికి తెచ్చేది అదే. కార్డు ఎంత మంచిదైతే అన్ని కొండలు కనిపిస్తాయి."

అన్నదమ్ములు ముఖాలు చూసుకున్నారు. "కొండలెందుకమ్మా గుద్దుకోడానికా?" అన్నాడు సన్యాసినాయుడు. "నీ దగ్గరున్నవాటిలో నాసిరకం కార్డు చూడు. కొండలు అస్సలుండకూడదు. మబ్బులు ఒకటీ అరా ఉంటే ఉండనీ, పెళ్ళివారికి నీడ."

"మరి ఫ్యాన్లు? నాలుగు పెట్టమంటారా?"

"నాలుగు ఫ్యాన్లకే లేస్తాదా? మావోడు మనిషి డెబ్భై కిలోలు, పైన పెళ్ళిబట్టలు. తొమ్మిది బిగించు."

"అవి లోపలి వేడి తగ్గించడానికండీ, ఎగరడానికి కాదు!"

"నువ్వు కొట్లో కూకునేదానివి, నీకు తెలీదులే," అన్నాడు పోలినాయుడు జాలిగా.

ఎదురుగా ఒకటి, ఎడమకొకటి, కుడికొకటి, మూడు తెరలు పెట్టుకుంటే బావుంటుందని చెప్పింది ఆ పిచ్చితల్లి. ఇక్కడ పైడిరాజు కల్పించుకున్నాడు. "ఎనకనుంచి ఎవడైనా హారన్ కొడితే?" పదేళ్ళుగా డ్రైవరు కదా, అనుభవం! అంతే, వెనకాల నాలుగో తెర పెట్టించారు. అది కనపడాలంటే మెడ తిప్పాలి గనక, ఆటోకున్న అద్దం ఊడదీసుకొచ్చి కుర్చీకి బిగించారు.

పెళ్ళికి ముందురోజు కామేశ్వరి స్వయంగా వచ్చి అన్నీ కలిపి, చేతిలో పట్టుకునే కర్ర, కాలికింద పెడళ్ళు అమర్చింది. విమానం పైకి లేపడం చూపించింది. "దించడం రేపొచ్చి నేర్పుతాను, రెండింటికీ ఒక్కరోజు చాలదు," అంది.

"రేపు పెళ్ళమ్మా, మాకు తీరికెక్కడిది? ఎక్కడం వచ్చినోడికి దిగడమెంతసేపు!" అని పంపించేశారు.

పెళ్ళిరోజు పొద్దున్నే నూకాలమ్మ కుర్చీకున్న అయిదు చక్రాలకింద అయిదు నిమ్మకాయలు పెట్టి, తెరకి బొట్టుపెట్టి, గుమ్మడికాయ కొట్టింది. ముహూర్తం సాయంత్రం నాలుగుంపావుకి. పైడిరాజు పట్టుపంచె కట్టి, బాసికం కట్టుకుని, కుర్చీలో కూర్చున్నాడు. కర్ర వెనక్కి లాగాడు. విమానం లేచింది.

"అమ్మా! భూమి పోయిందే!" అని ఒక్క కేక పెట్టాడు.

ఆ కేకకి మా పెరట్లో కోడి పెట్టబోయిన గుడ్డు లోపలికి లాగేసుకుంది. కొడుకు రెండడుగుల దూరంలో కూర్చునే ఉన్నాడు. నూకాలమ్మ మాత్రం చేతులు నోటికి అడ్డం పెట్టి పైకప్పుకేసి అరిచింది. "నాయనా! ఎంత ఎత్తులో ఉన్నావురా?"

"పదివేల అడుగులని పడిందమ్మా! కిందకి చూడలేకపోతన్నాను!"

"లేవకురోయ్! కుర్చీలోంచి లేచావంటే ఎముకలు కూడా దొరకవు!" అన్నాడు సన్యాసినాయుడు.

ఇంక వాడు లేవడు. గంటైంది, రెండైంది. ఆకలేసింది. నూకాలమ్మ మామిడికాయలు కోసే దోటి చివర ఇడ్లీ గుచ్చి అందించబోయింది. "పదివేల అడుగులకి ఈ దోటి చాల్తాదేటమ్మా!" అని పోలినాయుడు దానికి ఇంకో వెదురు కట్టాడు, దానికి ఇంకోటి. దోటి పెరిగేకొద్దీ నూకాలమ్మ వెనక్కి జరిగి జరిగి, గుమ్మం దాటి, వాకిలి దాటి, వీధి అవతల గోడకి ఆనుకుని అక్కణ్ణించి కొడుక్కి ఇడ్లీ తినిపించింది. చట్నీ పెట్టే ప్రయత్నం కూడా చేసింది గానీ, ఆ సంగతి పైడిరాజు చెవిలో చూస్తే తెలుస్తుంది.

ఇంతలో, ఇంకేముంది, కరెంటు పోయింది. నాలుగు తెరలూ నల్లబడ్డాయి.

"అన్నియ్యా, పైన చీకటడిపోయింది!"

"పొద్దున్న పదిగంటలకే?"

"ఇంజను చప్పుడు కూడా లేదన్నియ్యా! పడిపోతన్నాను!"

అంతే, ఇంట్లో ఉన్న పరుపులన్నీ వచ్చి కుర్చీ చుట్టూ పడ్డాయి. అన్నలిద్దరూ దుప్పటి చెరో కొసా పట్టుకుని నిలబడ్డారు. పైడిరాజు కళ్ళు మూసుకుని పడుతున్నాడు, పడుతున్నాడు, పావుగంటసేపు కుర్చీలోనే పడ్డాడు. "ఎంత ఎత్తునుంచి పడతన్నాడో పాపం, ఇంకా రాలేదు," అని కళ్ళు తుడుచుకుంది నూకాలమ్మ.

కరెంటొచ్చింది. మిషను మళ్ళీ మొదలైంది, ఎక్కణ్ణించి బయలుదేరతావని అడిగింది. వాడు కంగారులో ఏదో నొక్కాడు. తెర మీద విశాలమైన రన్‌వే, పక్కన పేరు: సింగపూర్.

"బతికాను! దిగాను! సింగపూర్లో దిగానన్నియ్యా!"

"కాలు కింద పెట్టకు!" అన్నారు ఇద్దరన్నలూ ఒక్కసారే. "నీకు పాస్‌పోర్టు లేదు! పట్టుకుపోయి లోపలేస్తారు! అక్కణ్ణించే మళ్ళీ లేచి విశాఖపట్నం వచ్చెయ్. మేం విమానాశ్రయంలో ఎదురొస్తాం."

ఇంట్లోవాళ్ళంతా ఊరికి వెళ్తున్నప్పుడు తలుపు తాళం వెయ్యకుండా వెళ్తారా? వేశారు. లాగి చూశారు కూడా. పోలినాయుడు తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. తల్లినీ, సన్యాసినాయుణ్ణీ, పూలదండలనీ గూడ్సాటోలో వేసుకుని విమానాశ్రయానికి బయలుదేరాడు. అద్దం లేని ఆటో కదా, వెనకాల ఎంతమంది తిట్టారో వాళ్ళకి కనపడనే లేదు.

అక్కడ గంగునాయుడు, కబురంది మంటపం నుంచి పరుగున వచ్చిన పెళ్ళికూతురు హైమ. ఒంటిగంటైంది. పెళ్ళికొడుకేడని హైమ అడిగింది.

"సింగపూర్లో ఉన్నాడమ్మా," అన్నాడు సన్యాసినాయుడు.

"పాస్‌పోర్టు లేకుండా సింగపూరెలా వెళ్ళాడు బావగారూ?"

"అదే కదమ్మా వాడి తెలివి!"

అప్పుడే పైడిరాజు ఫోను చేశాడు. విమానం ఎంత లాగినా లేవడం లేదట, కాసేపు కిందకి దిగి చూద్దామనుకుంటే తలుపు బయటనుంచి తాళం వేసి ఉన్నట్టు అనిపిస్తోందట.

"అక్కడ అన్నీ కట్టుదిట్టంగా ఉంటాయి, నువ్వు కంగారుపడకు," అని ధైర్యం చెప్పాడు పోలినాయుడు.

హైమ ఆయన మొల వైపు చూసింది. "ఆ తాళంచెవి ఎక్కడిది బావగారూ?"

"మా ఇంటిదమ్మా. సింగపూర్ది నా దగ్గరెలా ఉంటాది?"

ఆ పిల్ల చెయ్యి చాపింది. తాళంచెవి చేతిలో పడగానే తండ్రినీ, దారిలో మంటపం దగ్గర ఆగి పురోహితుణ్ణీ, మంగళసూత్రాన్నీ కారులో ఎక్కించింది. పెళ్ళికూతురే కారు తోలింది. దారిలో గేదెలు కూడా పక్కకి జరిగాయి, అక్షింతలు వెయ్యడం ఒక్కటే తక్కువ.

నాలుగింటికి దొండవాకలో తలుపు తెరుచుకుంది. పైడిరాజు కర్ర పట్టుకుని, చెమటలు కారుస్తూ, కుర్చీలోనే ఉన్నాడు.

"హైమా! నాకోసం సింగపూరొచ్చేశావా!"

"వచ్చాను. దిగు."

"పాస్‌పోర్టు..."

"నేను ఉద్యోగం చేసేది ఎక్కడ? నేను చూసుకుంటాను. దిగు."

దిగాడు. నాలుగుంపావుకి మూడు ముళ్ళూ వేశాడు. ఒళ్ళంతా చట్నీ వాసనేగానీ, జంట బావుంది. గంగునాయుడు ఆ తర్వాత సరదాకి కూడా నోరు తెరవలేదు.

పైడిరాజు అన్నలకి ఫోను చేసి "పెళ్ళయిపోయిందన్నియ్యా, నేను బాగానే ఉన్నాను," అన్నాడు. అవతల అన్నలు ఆనందంతో ఏడ్చారు. "ఫారిన్ పెళ్ళి! సరే, మీరు నెమ్మదిగా రండి, దండలు పట్టుకుని మేం ఇక్కడే ఉంటాం," అన్నారు. ఉన్నారు కూడా. మాటంటే మాటే. వచ్చిన ప్రతి విమానానికీ నూకాలమ్మ హారతి ఇస్తూనే ఉంది.

మూడోరోజు పైడిరాజు కొత్త పెళ్ళాం వండిన పులిహోర క్యారేజీలో సర్దుకుని, బస్సెక్కి విమానాశ్రయానికి వెళ్ళాడు. అన్నలు ఆవురావురుమని తిన్నారు.

"నువ్వెలా వచ్చావురా?" అన్నాడు పోలినాయుడు మూతి తుడుచుకుంటూ.

"ఇంటినుంచే అన్నియ్యా, బస్సులో."

"మరి సింగపూర్నుంచి రావాల్సినోడు?"

పైడిరాజు గతుక్కుమన్నాడు. వేళ్ళ మీద లెక్కవేసుకున్నాడు. పులిహోర డబ్బా పక్కన పెట్టి, అన్న చేతిలోంచి ఒక దండ తీసుకుని, వాళ్ళ పక్కనే వరసలో నిలబడ్డాడు.

"అవునన్నియ్యా, ఇంకా రాలేదు. పాపం, ఏమైపోయాడో!"