దోనయ కాసిన పందెం

ఒకానొక రాజ్యంలో, పేరెందుకులెండి, రాజుగారి పరువు పోతుంది, గండభూపాలుడనే రాజు ఉండేవాడు. ఆయనకు పాచికల పిచ్చి. పిచ్చి ఒక్కటే అయితే ఫర్వాలేదు, తన జాతకంలో ఓటమన్నదే రాయలేదన్న నమ్మకం కూడా ఉంది. గెలిస్తే అది తన అదృష్టం. ఓడితే ఎవరో తుమ్మారు, ఎవరో గడప మీద నిలబడ్డారు, లేదా వింజామర వీచేవాడు ఎడమ చేత్తో వీచాడు. అలా చూసుకుంటే ఆయన పుట్టాక ఒక్క ఆటా ఓడలేదు మరి!

ఆయన కొలువులో దోనయ అని ఒక విదూషకుడు. అతనిదీ అదే పిచ్చి, కాకపోతే గాలి ఎదురు. ఏ పొట్టేలు మీద పందెం కాస్తే ఆ పొట్టేలు బరిలో పడుకునేది. ఏ మల్లుడి మీద కాస్తే ఆ మల్లుడికి ఎక్కిళ్ళు పట్టుకునేవి. "ఎన్నాళ్ళని ఓడతానే, ఈసారి నాదే!" అని పెళ్ళానికి చెప్పి చెప్పి, ఇంట్లో రుబ్బురోలు తప్ప అన్నీ పోగొట్టాడు. అదీ ఎత్తలేక వదిలేశాడు.

"దోనయా, నీది ఇనప పాదమయ్యా! నువ్వు చేరిన పక్షం గంగలో కలిసినట్టే" అని రాజుగారు సభలో అనేవారు. సభంతా నవ్వేది. అందరికంటే గట్టిగా దోనయే నవ్వేవాడు. నిజమే కదా, ఏడిస్తే మాత్రం ఏమొస్తుంది?

ఒక ఏడు, ఏరువాక పది రోజులుందనగా, పొరుగు రాజు ఏనుగెక్కి చుట్టపుచూపుగా వచ్చాడు. గండభూపాలుడి కన్ను ఆ ఏనుగు మీద పడింది.

"ఆడదామా?" అన్నాడు.

"నేను ఏనుగును ఒడ్డుతాను. మరి తమరు?"

"మా విత్తనాల గాదెలన్నీ!"

ఊరూరి రైతులూ విత్తనానికని దాచుకున్న వడ్లన్నీ ఆ గాదెల్లోనే ఉన్నాయి. అవి పోతే దున్నిన చేలో మట్టే చల్లుకోవాలి. ముసలి మంత్రి కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"పోవయ్యా! వరసగా ఏడాటలు గెలిచాను. ఎనిమిదోది నాది కాక నీదా?" అని రాజు కసిరాడు.

ఆ మాట దోనయకు ఎక్కడో విన్నట్టే అనిపించింది. 'వరసగా ఏడు ఓడాను, ఎనిమిదోది నాదే' అని తను ఇంట్లో చెప్పే మాటే ఇది. గెలిచినవాడూ అదే అంటాడు, ఓడినవాడూ అదే అంటాడు. పాచికలకు నోరుంటే తమ ఇద్దరినీ చూసి పగలబడి నవ్వేవి. తనకైతే రోలు మిగిలింది, రైతులకు ఏం మిగులుతుంది?

ఆ రాజ్యంలో ఒక కట్టుబాటుంది. ఆడేవాడు పాచికలు ముట్టేదాకా మానుకోవచ్చు. చూసేవాడు ఎవరి మీదైనా పందెం కాసి మధ్యవర్తి చేతికి తాంబూలమిస్తే మాత్రం ఇక వెనక్కి తీసుకోకూడదు.

రాజు చెయ్యి చాచబోతున్నాడు. దోనయ కొలువు వేషానికని ఉంచుకున్న చెవిపోగులు ఊడబీకి, తాంబూలంలో పెట్టి, మధ్యవర్తి చేతిలో ఉంచేశాడు.

"నా పందెం మహాప్రభువుల మీద! ప్రభువులే గెలుస్తారు!"

రాజు నిప్పు తొక్కినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఓరి నీ అసాధ్యం కూలా! నా మీద కాశావా? తియ్, తియ్!"

"తాంబూలం ఇచ్చేశాను కదా ప్రభూ."

"అయితే అవతలాయన మీద కూడా కాయి!"

"చిత్తం. కానీ నాకున్నది ఒక్కటే శని. రెండు పక్కలా కూర్చోబెడితే అది ఎవరి ఒళ్ళోకి దూకుతుందో నాకేం తెలుసు?"

రాజు పాచికల వంక చూశాడు, దోనయ వంక చూశాడు. బరిలో పడుకున్న పొట్టేలు కళ్ళముందు మెదిలింది కాబోలు, నడుం మీద చెయ్యి వేసుకున్నాడు.

"అబ్బా, నడుం పట్టేసిందండీ. ఇవాళ ఆట వద్దు" అన్నాడు పొరుగు రాజుతో.

ఆయన ఫలహారం తిని, తన ఏనుగెక్కి తన దారిన పోయాడు. ముసలి మంత్రి కళ్ళు తుడుచుకున్నాడు. ఆట జరగలేదు గనక మధ్యవర్తి పోగులు తిరిగి ఇచ్చేశాడు.

అప్పుడు రాజుకు అనుమానం వచ్చింది. "ఏమయ్యా, కావాలనే నా మీద కాశావు కదూ?"

"చిత్తం. ప్రభువులకు తమ అదృష్టం మీద ఎంత నమ్మకమున్నా, నా దరిద్రం మీద అంతకు రెండింతలుంటుందని తెలుసు."

రాజు ముఖం ఎర్రబడింది. అంతలోనే ఆయన పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. "సెబాసు! ఒక్క గింజ పోకుండా గాదెలు నిలబెట్టావు" అని, దొడ్లో మంచి పాడి ఆవును విప్పించి తెప్పించాడు.

దోనయ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "పలుపు నా చేతికివ్వకండి ప్రభూ. మా ఇంటిదానికి పంపించండి."

"ఏం?"

"దారిలో పాచికల అరుగుంది. జన్మలో మొదటిసారి పందెం కాసి ఓడకుండా బయటపడ్డాను. మంచి ఊపు మీదున్నాను!"

రాజు మళ్ళీ నవ్వి ఇద్దరు భటులను తోడిచ్చి పంపాడు. ఒకడు ఆవును పట్టుకోవడానికి, ఒకడు దోనయను పట్టుకోవడానికి.