బూడిద భూతమూ, రాజమాత నడకా

ఊ కొట్టేవాళ్ళకే కథ. నిద్ర వస్తే చెప్పండి, ఆపేస్తాను.

అనగనగా ఒక ఊళ్ళో (ఆ ఊరి పేరు మా అమ్మమ్మ ఒకటి చెప్పేది, మా పెద్దమ్మ ఇంకొకటి చెప్పేది, రెంటికీ ఆధారం లేదు కనుక నేను ఏదీ చెప్పను) జగ్గప్ప అనే చిత్రకారుడు ఉండేవాడు. రాజుగారి కొలువులో ముప్పై ఏళ్ళు బొమ్మలు వేశాడు. ముసలితనంలో చూపు మందగించింది. రంగులు తెలియవు, నీడలు మాత్రం తెలుస్తాయి. సరిగ్గా అప్పుడే రాజుగారికి చనిపోయిన తల్లి మీద బెంగ పుట్టింది. ఆవిడ బతికుండగా ఒక్క బొమ్మా వేయించలేదు మరి. అమ్మ నడిచి వస్తున్నట్టు బొమ్మ కావాలన్నారు. పున్నమిలోగా తేకపోతే కొలువులో ఇచ్చిన ఇల్లు ఖాళీ చేసి పొలిమేర దాటాలన్నారు. నిలబడ్డ బొమ్మే వేయలేని ముసలాయన నడిచే బొమ్మ ఎక్కడ తెస్తాడు? అన్నం మానేసి కూర్చున్నాడు.

ఆయన కోడలు నాంచారమ్మ అటక మీద నుంచి ఒక కుండ దించింది. అందులో బూడిద భూతం ఉండేది. జగ్గప్ప తాతగారు దాన్ని అందులో పెట్టి మూత వేశాడట. ఎందుకు వేశాడని ఎవరూ అడగలేదు, పెద్దవాళ్ళను అడిగే అలవాటు ఆ రోజుల్లో లేదు. ఆ భూతం లోకంలోని బొమ్మలన్నీ చూసిందంటారు. అన్నీ ఎట్లా చూస్తుంది? కోట గోడల మీదవీ, గుడి గోడల మీదవీ, తనకు చూపించినవి చూసి ఉంటుంది.

నాంచారమ్మ గుడ్డ మీద పిడికెడు బూడిద చల్లి, రాజమాత బొమ్మ కావాలంది. భూతం ఊదడం మొదలుపెట్టింది. ఒక ఊదుకు మబ్బు, రెండో ఊదుకు మచ్చ, మూడో ఊదుకు ముక్కు, నాలుగో ఊదుకు నవ్వు, ఐదో ఊదుకు అమ్మ. ఊ కొడుతున్నారా? అమ్మే, కానీ ఎవరమ్మ? నెత్తిన కిరీటం, ఒంటినిండా నగలు, చేతికి ఆరు వేళ్ళు. తాను చూసిన రాజమాతలంతా ఇట్లాగే ఉన్నారంది భూతం. వేళ్ళ సంగతి అడిగితే, లెక్క తనకు చేతకాదంది. నగలు వద్దంటే బిచ్చగత్తెను తెచ్చింది. కాస్త హుందాగా అంటే మళ్ళీ కిరీటం పెట్టింది.

ఇక మాటలతో పని కాదని నాంచారమ్మ పిచ్చమ్మ దగ్గరికి వెళ్ళింది. పిచ్చమ్మ అంటే రాజమాతకు ఇరవై ఏళ్ళు నీళ్ళు తోడిపోసిన దాసి. ముఖం ఎట్లా ఉండేదో చెప్పింది, బుగ్గ మీద మచ్చ చెప్పింది. చీర రంగు మాత్రం గుర్తు లేదంది. అన్నిటికంటే ముఖ్యం, ఆవిడ ఎడమకాలు కాస్త ఈడ్చి నడిచేదంది. నాంచారమ్మ వచ్చి భూతానికి చెబితే అది పకపకా నవ్వింది. రాజమాతలు ఎక్కడైనా కుంటుతారా అని, ఎన్నిసార్లు చెప్పినా కాలు తిన్నగానే పెట్టింది.

మర్నాడు పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడే వేళకు, నాంచారమ్మ పిచ్చమ్మను తెల్లసున్నం కొట్టిన గోడ పక్కన నడిపించింది. అచ్చం ఆవిడలాగే నడువు అంది. గోడ మీద నీడ పడింది. ఒక్కో అడుగుకూ పిచ్చమ్మను ఆపి, మామగారి చేతికి చింతబొగ్గు ఇచ్చి, ఎదుట గంజిపెట్టిన గుడ్డముక్క పరిచింది. రంగు కనపడని ఆ కళ్ళకు నీడ అంచు కనిపించింది, చెయ్యి పాత పని మరిచిపోలేదు, చూసిన అంచును చూసినట్టే గుడ్డ మీద గీశాడు. పన్నెండు అడుగులు, పన్నెండు ముక్కలు.

గీతల మీద బూడిద చల్లి, "గీత దాటావా, కుండ మూతే" అంది భూతంతో. భూతం భయపడి గీతను ఎంత గట్టిగా పట్టుకుందంటే, బొమ్మ కర్రబొమ్మలా బిగుసుకుపోయింది. అంత భయం వద్దు, గీత పక్కన కాస్త మెసలవచ్చంటే అప్పుడు బొమ్మకు ఒళ్ళు వచ్చింది. కానీ మొదటి ముక్కలో పచ్చచీర, రెండోదాంట్లో నీలిచీర, మూడోదాంట్లో మచ్చ ఈ బుగ్గ మీది నుంచి ఆ బుగ్గ మీదికి. అడుగడుగుకీ మనిషి మారితే అది నడక ఎట్లా అవుతుంది? ముందరి బొమ్మ చూడు, తరువాతి బొమ్మ ఊదు, అంది నాంచారమ్మ. చూడు, ఊదు. చూడు, ఊదు. అట్లా పన్నెండూ చేయించి, ఒక అంచున కుట్టింది.

పున్నమినాటి ఉదయం జగ్గప్ప కోడలిని వెంటబెట్టుకుని వెళ్ళి ఆ కట్టను రాజుగారికిచ్చాడు. రాజుగారు కట్టను వంచి, ముక్కలను ఒకదాని వెంట ఒకటి బొటనవేలితో సర్రున వదిలారు. ఆవిడ నడిచింది, ఎడమకాలు ఈడ్చుకుంటూ. మంత్రి గతుక్కుమని, రాజమాతను కుంటిదాన్ని చేశారు, ఆ కాలు సరిచేయించండి అన్నాడు. రాజుగారు మళ్ళీ వదిలారు, మళ్ళీ వదిలారు.

"చదవకుండా ఆడుకుంటుంటే, ఆ కాలు నేలకు రాసుకునే చప్పుడు విని దాక్కునేవాణ్ణి," అన్నారు. "కాలు సరిచేస్తే ఈవిడ మా అమ్మ కాదు."

ఇంతకూ పచ్చచీరే కట్టేదా అని ఆయన అడిగితే నాంచారమ్మ దాచలేదు.

"నడకా ముఖమూ పిచ్చమ్మ చెప్పినవి, గీత మా మామగారిది. చీర రంగు మాత్రం భూతం ఊహించింది మహారాజా, దాన్ని నమ్మకండి."

రాజుగారు ఆ మాటలనే కట్ట చివర రాయించి, జగ్గప్పను ఇంట్లోనే ఉండమన్నారు. ఇల్లు నిలబడింది, ముసలాయన ఆ పూట రెండు సార్లు అన్నం పెట్టించుకున్నాడు. అందరూ సుఖంగా ఉన్నారు.

కనుక పిల్లలూ, భూతాన్ని ఏదైనా అడిగే ముందు మీకు తెలిసినదేదో గీత గీసి చూపించండి. తెలియనిది అది ఊహించి పెడితే, ఊహ అని చెప్పడం మీ వంతు.

కథ కంచి దారి పట్టింది. దాన్ని సాగనంపి మనం దుప్పట్ల దారి పడదాం.